ఒడ్డు చేరేదాకా తిప్పని మాల

మా ఆయన స్టీల్‌ప్లాంట్‌లో ఫర్నేస్ షిఫ్టుకి వెళ్లిన రోజల్లా నా చేతిలో తులసిమాల ఉండేది, చూపు మాత్రం గడియారం మీదే. ఇది జపమా, కాలక్షేపమా అని నామీద నాకే చిరాకు. భీమిలి దగ్గర ఓ చిన్న ఆశ్రమంలో ఆదివారాలు జపం నేర్పుతారని పక్క క్వార్టరావిడ చెబితే, పొద్దున్నే ఉక్కునగరంలో బస్సెక్కాను. కాంప్లెక్స్ బస్టాండులో దిగి బీచ్ రోడ్డు మీదుగా వెళ్లే భీమిలి బస్సు పట్టుకున్నాను. సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాని రోజులవి. రుషికొండ దాటేసరికి గాలి లేచింది.

ఆశ్రమంలో నేర్పింది తేలికే. మాలని మధ్యవేలి మీద ఉంచి, చూపుడువేలు తగలకుండా బొటనవేలితో పూసలు జరపాలి. మాల కొసలు కలిసేచోట ఉండే పెద్దపూసని మేరుపూస అంటారు. దాన్ని దాటకూడదు, అక్కడ మాలని వెనక్కి తిప్పి మళ్లీ మొదలెట్టాలి. భోజనం అక్కడే పెట్టారు. అంతా వచ్చేసిందన్న ధీమాతో, సాయంత్రం ముప్పై రూపాయలకి ఆటో మాట్లాడుకుని జాలరిపేట ఒడ్డు చూద్దామని వెళ్లాను.

ఒడ్డున జనం గుంపుగా నిలబడి సముద్రం వైపు చూస్తున్నారు.

"పోలమ్మ మొగుడి తెప్ప ఇంకా రానేదమ్మా. మిగతావన్నీ వొచ్చేసినాయి," అన్నాడు ఆటో అప్పలరాజు.

పోలమ్మ తడి ఇసుకలో కూర్చుని ఉంది. చేతిలో వలదారానికి గుచ్చిన పాత రుద్రాక్షమాల. పక్కన కూర్చున్నాను. మేరుపూస దగ్గర ఆమె వేళ్లు ఆగిపోయాయి, ఎంతకీ కదలవు. మరిచిపోయిందనుకుని, గుడ్డెద్దు చేలో పడ్డట్టు, "ఇక్కడ వెనక్కి తిప్పాలమ్మా," అనేశాను.

ఆమె విసురుగా నావైపు తిరిగింది. "ఏటి తిప్పడం? మావోడు నీళ్ల మీదున్నాడు. మాల తిరగబడితే తెప్ప తిరగబడదా? మొగోడు ఒడ్డెక్కేదాకా మేం తిప్పం. మొదటి తెప్ప కనపడ్డాకే నాను మాల తీత్తాను. రోజూ ఇది అయ్యేలోపే వొచ్చేసీవోడు."

తిప్పకూడదు, తెప్ప వచ్చేదాకా జపం ఆపనూకూడదు. సంచిలోంచి నా మాల తీసి ఇచ్చాను. తన మేరుపూసని ఎడమచేతిలో బిగించి, నాదాన్ని కుడిచేత్తో అందుకుంది. ఇదీ అయిపోతే? మూడో మాల లేదు. తరుగుతున్న పూసల్ని నేనూ లెక్కపెడుతున్నాను. "అమ్మా, ఇంక ఇక్కడ బస్సు దొరకదు, తగరపువలస పోయి హైవే మీద ఎక్కాలి," అని అప్పలరాజు తొందరపెట్టినా లేవలేకపోయాను.

మాల చివరికొచ్చేసింది. "అదిగో!" అని ఎవరో అరిచారు. తెప్ప కెరటం మీద లేచింది, మాయమైంది, మళ్లీ లేచింది. పోలమ్మ కదల్లేదు. భర్త కాలు ఇసుకలో పడ్డాకే ఎడమచేతి మాలని మెల్లగా తిప్పింది. అప్పుడు ఏడ్చింది.

నా మాల మాత్రం తిప్పలేదు. తను ఆపిన పూసని నా వేళ్ల మధ్య పెట్టి, "మీ ఇంటాయన ఎక్కడున్నాడమ్మా?" అంది.

"షిఫ్టులో. ఫర్నేస్ దగ్గర."

"అయితే ఇక్కణ్ణించి నువ్వు సెయ్యి. ఆయన ఇల్లు సేరేదాకా తిప్పకు."

బస్సులో ఆ పూస వదల్లేదు, వాచీ చూడాలని ఒక్కసారీ అనిపించలేదు. మిగిలిన నాలుగు పూసలూ చాలా నెమ్మదిగా జరిపాను. ఆయన వచ్చి చెప్పులు విడిచాకే మాల తిప్పాను. ఆశ్రమంలో ఇలా నేర్పరని తెలుసు, అయినా ఇప్పటికీ అలాగే చేస్తున్నాను. అటు వెళ్లేవాళ్లకి ఒక్క మాట: ఒడ్డున ఎవరి చేతిలోనైనా మాల కనిపిస్తే, సలహా చెప్పేముందు ఒకసారి సముద్రం వైపు చూడండి.