నల్లోడి ముద్ద

మా కుక్క నల్లోడికి ఈ రోజు అన్యాయం జరిగింది. చేలో మా గొర్రెల మందను రాత్రి నిలిపితే నేలకు ఎరువు పడుతుంది. అందుకు బదులుగా రైతు పొద్దున్నే మాకు రాగిసంగటి పెట్టి, కాపలా కాసిన కుక్కకూ ఒక ముద్ద వేస్తాడు. తాతల నాటి కట్టుబాటు ఇది. ఈ రోజు చేను రైతు ఓబులేసు మా ముద్దలు మాకిచ్చి, నల్లోడికి ఖాళీ చేయి విదిలించాడు.

"కరువులో మనుషులకే లేదు, కుక్కకు యాడ తెచ్చేదప్పా?"

"ఓబులేసన్నా, రాత్రి తోడేలును తరిమింది నువ్వా, నల్లోడా?" అన్నాను.

"నాలుగు కరపత్రాలు సదివి కుక్కలకు గూడా సంగం పెడతాండావా?"

మా నాయన కూడా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. నా ముద్ద నల్లోడికి పెట్టి, ఇక ఈ చేలో మంద నిలిపేది లేదని గొర్రెలను తోలుకొచ్చేశాను.

సాయంత్రం నల్లోడు కనబడలేదు. వెతుకుతూ పోతే వాడు ఓబులేసు చేలోనే ఉన్నాడు. ఒక్క గొర్రె కూడా లేని నేలకు కాపలా కాస్తూ, ఓబులేసును చూసి తోక ఊపుతున్నాడు.

ఓబులేసు మీద కోపం ఎలా చూపాలో నాకు తెలుసు. నల్లోడి మీద ఎలా చూపాలో తెలిసినవాళ్లు, గ్రంథాలయం గోడకు అంటించిన ఈ కాగితం కిందే రాయండి.