ముఖం అచ్చుపడని మనిషి

ముప్పై ఏళ్లు దాటిన మగవాడు నేల మీద బోర్లా పడుకుని ప్లాస్టిక్ ఇటుకలు పేర్చుకుంటుంటే ఏ ఇల్లాలైనా ఏమంటుంది? మా ఆవిడా అదే అంది. "పిల్లలు పుట్టాక కొనాల్సిన బొమ్మలన్నీ ముందే మీరు అరగదీసేలా ఉన్నారు. ఆ మూలంతా మీరే ఏలుకోండి, వంటింట్లోకి మాత్రం తేకండి." నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కానీ ఆ ఇటుకలు చేతిలో ఉన్నంతసేపూ రాదు, అదేమిటో!

తొంభైల చివరి మాట. మా నాన్న గుంటూరు వైపు నుంచి సర్కారు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నేను పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరి, పటాన్‌చెరులో కిరాయికి ఉండేవాణ్ణి. మా ఫ్యాక్టరీ వెనక పిల్లల ప్లాస్టిక్ బొమ్మలు తయారుచేసే చిన్న షెడ్డు ఉండేది. అచ్చు సరిగా పడని ఇటుకలు గోతాల్లో తుక్కు కొట్టుకు చేరేవి. ఆదివారాలు నేను అక్కడే కూర్చుని ఏరుకునేవాణ్ణి. పాడైన టేపు రికార్డర్ల మోటార్లు, విరిగిన బొమ్మల గేర్లు జోడిస్తే ఆ ఇటుకలు కదిలేవి. క్రేను కట్టాను, పిండిమర కట్టాను, సున్నం కలిపే యంత్రం కట్టాను. రోజంతా విప్పి బిగించే యంత్రాలనే ఇంటికొచ్చి మళ్లీ కట్టుకోవడం, పిచ్చి కాకపోతే ఏమిటి!

ఆ గోతాల్లోనే ఒకసారి వేలెడంత బొమ్మ మనిషి దొరికాడు. పసుపు చొక్కా, చేతులూ కాళ్లూ అన్నీ ఉన్నాయి. కళ్లూ ముక్కూ నోరూ మాత్రం అచ్చుపడలేదు. మా ఆవిడకు వాణ్ణి చూస్తే ఒళ్లు జలదరించేది. "వాడు ఎటు చూస్తున్నాడో తెలియడం లేదండీ. గోడ వైపు తిప్పి పెట్టండి" అనేది. తిప్పి పెట్టేవాణ్ణి. అయినా గోడ చూస్తున్నాడో మమ్మల్ని చూస్తున్నాడో తెలిసేది కాదు.

ఫ్యాక్టరీలో మాకొక డ్రయ్యరు ఉండేది. అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద ఇనుప డ్రమ్ము, లోపల ఈ చివర నుంచి ఆ చివరకు ఒక ఇరుసు, ఇరుసుకు రెండు పక్కలా ఇనుప రెక్కలు. తడి మందు అందులో పడి తిరుగుతూ ఆరుతుంది. సరుకు తీశాక రెక్కలకు అంటుకున్నది గీకడానికి ఒక మనిషి పై మూతలోంచి లోపలికి దిగాలి. ఆ పని మా దగ్గర ఒక్కడే చేసేవాడు. పక్క ఊరి మనిషి, నాకన్నా నాలుగేళ్లు పెద్ద. తాతల నాటి నుంచి వాళ్లది వ్యవసాయమే. ఇప్పుడు కాంట్రాక్టు కూలీ. నేను అన్నా అనేవాణ్ణి, అతను నన్ను సారు అనేవాడు. ఎన్నిసార్లు వద్దన్నా వినలేదు.

అతను దిగేముందు మా దగ్గర ఒక ఆనవాయితీ ఉండేది. నేను మోటారుకు కరెంటు ఇచ్చే మూడు పింగాణీ ఫ్యూజులు పీకి జేబులో వేసుకునేవాణ్ణి. అది చాలదు. మోటారు గేరు నుంచి ఇరుసుకు ఉండే గొలుసును విప్పి, మోసుకొచ్చి, మూత అంచున అతనికి కనబడేలా పెట్టాలి. నాకు పని నేర్పిన ముసలి ఫిట్టరు చెప్పిన మాట అది. ఫ్యూజు ఎవడైనా మతిలేక పెట్టేయవచ్చు, గొలుసు పెట్టాలంటే అరగంట పడుతుంది కదా! అతను ఆ గ్రీజు గొలుసును తాకి, కళ్లకద్దుకుని, అప్పుడు దిగేవాడు. లోపలి నుంచి తలెత్తితే వెలుతురులో గొలుసు కనబడాలి. అదే అతని ధైర్యం.

ఒక సోమవారం కొత్త సరుకు వేశారు. బంకలా పట్టుకునే రకం. గీకడానికి దిగిన అతను పది నిమిషాలకే బయటికొచ్చి కింద కూలబడ్డాడు. పెదాలు తెల్లబడ్డాయి.

"సారు, అది కదిలింది."

"ఏది?"

"రెక్క. నా ఈపుకు తాకింది. ఎవలో ఎనకకెళ్లి మెల్లగ నూకినట్టు."

నేను గొలుసు వైపు చూశాను. పెట్టినచోటే ఉంది. జేబు తడుముకున్నాను. మూడు ఫ్యూజులూ ఉన్నాయి. అతని నడుముకు కట్టిన తాడు పైన పట్టుకునే బీహారు కుర్రాడు "అందర్ భూత్ హై" అని, లోపల దయ్యం ఉందని, తాడు వదిలి రెండడుగులు వెనక్కి వేశాడు. అందరూ నవ్వారు. సూపర్‌వైజరు మాత్రం నవ్వలేదు. "నిన్నటి కల్లు ఇంక దిగలేదా ఏంది? గురువారం మళ్ల బ్యాచ్ ఉంది. దిగుతవా, లేకుంటే ఇగ ఇంటికాడనే ఉంటవా, సోచాయించుకో" అన్నాడు.

సాయంత్రం సైకిల్ స్టాండు దగ్గర అతను నాకోసం నిలబడి ఉన్నాడు. "నువ్వు చెప్తె దిగుత సారు. వేరేటోల్లు చెప్తె దిగ. జెర నిజం చెప్పు, కదులుతదా?"

"చైను నీ కళ్ల ముందే ఉందిగా అన్నా. ఎలా కదులుతుంది? కదలదు." అలా అన్నాను, మొనగాడిలా.

అతను తలూపి సైకిలెక్కాడు. నన్ను మాత్రం ఆ మాట వదల్లేదు. ఆ మనిషి పదేళ్లుగా దిగుతున్నాడు. భయపడే రకం కాదు.

ఆ సాయంత్రమే మూలలో కూర్చుని డ్రయ్యరు కట్టడం మొదలుపెట్టాను. డ్రమ్ముకు బదులు పారదర్శకమైన డబ్బా. దాని కింద నాలుగు మూలలా ఇటుకల స్టాండు. ఇరుసు, రెండు పక్కలా రెక్కలు. మోటారుకు మరమేకులాంటి గేరు పెట్టాను. అసలు డ్రయ్యరుకూ అదే రకం ఉండేది. మోటారు తిరిగితే అది ఇరుసును తిప్పుతుంది, ఇరుసు ఎంత తోసినా అది మోటారును తిప్పలేదు. గొలుసు బదులు టేపు రికార్డరు రబ్బరు బెల్టు. మోటారు వెనక చిన్న చక్రాన్ని చేత్తో తిప్పితే ఏ రెక్క పైకి లేస్తుందో, ఏది దిగుతుందో చూసుకుంటూ మూడు రోజులు గడిపాను. బుధవారం జొన్నపిండిలో బెల్లం నీళ్లు కలిపి జిగటగా చేసి రెక్కలకు సమానంగా పూశాను. ముఖం లేనివాణ్ణి తెచ్చి రెక్కల కింద కూర్చోబెట్టాను. బెల్టు తీశాను, బ్యాటరీ తీశాను. బల్ల ఊపాను. ఊదాను. ఏమీ కదల్లేదు. హమ్మయ్య అనుకున్నాను. అతనిది భ్రమే.

గురువారం నాది ఉదయం షిఫ్టు. మధ్యాహ్నం నా చేత్తోనే గొలుసు విప్పి మూత అంచున పెట్టాను. లోపలి గాలి మారడానికి కొంతసేపు పడుతుంది, నాలుగింటికి అతను దిగుతాడు. ఫ్యూజులు జేబులో వేసుకుని ఇంటికొచ్చి తిని కూర్చున్నాను. ఫ్యూజులు ఇంటికి తేవడం తప్పే, కానీ ఆ రోజు వాటిని ఎవరి చేతికీ ఇవ్వాలనిపించలేదు.

వాకిట్లో ఎండ, లోపల చడీచప్పుడూ లేదు. గాలిలో ఫ్యాక్టరీల కుళ్లిన మామిడిపండు వాసన. మా ఆవిడ బియ్యం ఏరుతోంది. మూలలో "టిక్" మంది. తలెత్తాను. మళ్లీ "టిక్".

"ఏవండీ" అంది మా ఆవిడ, గొంతు మారిపోయి. "అది తిరుగుతోంది."

నిజమే. డబ్బాలో రెక్క మెల్లగా, ఎవరో వేలితో తోస్తున్నట్టు, కిందికి వస్తోంది. బ్యాటరీ బల్ల మీద ఉంది. బెల్టు దాని పక్కనే ఉంది. రెక్క వచ్చి బొమ్మ మనిషి వీపును తాకింది. ఒక్క క్షణం ఆగింది. వాడు ముందుకు వంగాడు, ఇంకా వంగాడు, డబ్బా గోడకు ముఖం లేని తల ఆనించి ఆగిపోయాడు. మా ఆవిడ చేతిలో చేట జారిపోయింది. అంత భయం నేను మళ్లీ ఎప్పుడూ పడలేదు, ఒప్పుకుంటున్నాను.

దగ్గరికి వెళ్లి చూస్తే చీమలు. ఎర్రచీమల బారు గోడ దిగి, స్టాండు ఎక్కి, ఒక వైపు రెక్కల మీది బెల్లం పిండిని మోసుకుపోతోంది. ఆ వైపు దాదాపు ఖాళీ. రెండో వైపు పిండి ఎండి గట్టిపడి అలాగే ఉంది. సమానంగా ఉన్నంతసేపూ నిలబడిన రెక్కలు, ఒక వైపు తేలికవగానే రెండో వైపు బరువుకు దిగిపోయాయి. బెల్టు తొడిగాను. ఇప్పుడు వేలితో నెట్టినా రెక్క కదల్లేదు, గేరు పట్టేసుకుంది. బెల్టు తీశాను. జారింది.

దేవుడా! గొలుసు ఉంటే కదలదు. గొలుసు తీస్తేనే కదులుతుంది. అతనూ ఈ చీమల్లాగే ఒక వైపు నుంచి గీక్కుంటూ వెళ్తాడు. పాత సరుకు పలచగా అంటుకునేది కాబట్టి ఇన్నాళ్లూ తెలియలేదు, ఈ బంక సరుకు బరువు. అతని ధైర్యం కోసం ఇన్నేళ్లూ నేను విప్పి అంచున పెట్టినదే అతని మీదికి రెక్కను వదులుతోంది.

వీధి చివర బూత్ నుంచి ఫోను చేస్తే ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎత్తేవాడు లేడు. స్కూటరు తీశాను. ఇస్నాపూర్ దగ్గర లారీలు అడ్డం. వాటిని తిట్టాను, నన్ను నేను తిట్టుకున్నాను. నేను వెళ్లేసరికి నాలుగు కాలేదు. అయినా సూపర్‌వైజరు తొందరపెట్టి అప్పటికే అతన్ని దించేశాడు.

డ్రయ్యరు చుట్టూ అందరూ నిలబడి ఉన్నారు. మూతలోంచి తొంగి చూశాను. రెక్క అతని వీపు మీద ఉంది. అతను ముందుకు వంగి డ్రమ్ము గోడకు తల ఆనించి ఉన్నాడు, అచ్చం ఇంట్లో వదిలి వచ్చిన బొమ్మలాగే. ముఖం కనబడటం లేదు.

"అన్నా!"

"సారు... ఊపిరి ఆడతలేదు."

రెక్కను తోసి చూద్దామన్నాడు సూపర్‌వైజరు. నేను అరిచాను, చెయ్యి వేస్తే చంపేస్తానన్నాను. నిజంగానే అన్నాను. తోసే చెయ్యి జారినా, లోపలి మనిషి కాస్త సర్దుకున్నా ఆ బరువు ఇంకా దిగుతుంది. గొలుసు తొడిగితేనే అది ఆగుతుంది, ఆపైన మోటారును చేత్తో వెనక్కి తిప్పి రెక్కను ఎత్తవచ్చు. నేను అంచు మీది గొలుసు ఎత్తాను. ఇనుము ఇనుముకు రాసుకున్న చప్పుడు లోపలికి వినబడింది.

"సారు, చైను తియ్యకు! నీ కాల్మొక్త, చైను తియ్యకు!"

అంచు మీద చైను లేదంటే యంత్రం తిరుగుతుందనే అతనికి తెలుసు. వివరించే సమయం లేదు. జేబులోని మూడు ఫ్యూజులు తీసి చెయ్యి లోపలికి చాపి అతని వేళ్లలో పెట్టాను. "ఇవిగో, నీ దగ్గరే ఉంచుకో. కరెంటు నీ చేతిలో ఉంది. నన్ను నమ్ము."

అతని వేళ్లు వాటి చుట్టూ ముడుచుకున్నాయి.

అరగంట పట్టే గొలుసును ఎంతసేపట్లో తొడిగానో నాకు తెలియదు. గోళ్లు ఊడాయి. తర్వాత మోటారు వెనక ఫ్యాను మూత పీకి, ఆ ఫ్యానును చేత్తో తిప్పడం మొదలుపెట్టాను. తప్పు వైపు తిప్పితే మనిషి నలిగిపోతాడు. కానీ ఎటు తిప్పాలో నా చెయ్యి తడుముకోలేదు. మూడు రోజులు మూలలో కూర్చుని తిప్పింది అదే. అలా ఎన్నో చుట్లు తిప్పితే రెక్క వేలెడు లేచింది. లోపల అతను గట్టిగా ఊపిరి పీల్చిన చప్పుడు విని నేను ఏడ్చేశాను, అందరి ముందూ.

రెండు పక్కటెముకలు విరిగాయి. బతికాడు. ఆ రోజు నుంచి గొలుసు విప్పలేదు. దాన్ని అలాగే ఉంచి, ఇరుసుకు దుంగ అడ్డం పెట్టి బిగించాక, ఫ్యూజులు దిగే మనిషి చేతికే ఇచ్చేవాళ్లం. అతను మాత్రం మళ్లీ దిగలేదు.

రెండు నెలల తర్వాత మా ఇంటికొచ్చాడు. నేను సిగ్గుతో తలెత్తలేక, ఉన్నదంతా చెప్పాను. కదలదని చెప్పింది నేనే, కదిలేలా చేసిందీ నేనే అన్నాను. అతను మూలకు వెళ్లి డబ్బా ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆ రోజు తర్వాత దాన్ని నేను ముట్టుకోలేదు, మా ఆవిడా ఊడవలేదు. బొమ్మ మనిషి ఇంకా గోడకు తల ఆనించే ఉన్నాడు.

"గీడ కూసున్నది నేనేనా?"

"నువ్వే అన్నా."

రెండు వేళ్లతో రెక్క పైకెత్తి, రెండో చేత్తో బొమ్మను బయటికి తీసి, పిండి తుడిచి చొక్కా జేబులో వేసుకున్నాడు. తర్వాత రెండో జేబులోంచి మూడు పింగాణీ ఫ్యూజులు తీసి ఆ డబ్బా పక్కన పెట్టాడు. ఆ హడావిడిలో ఎక్కడో పడ్డాయని ఇన్నాళ్లూ ఫ్యాక్టరీ అంతా వెతికిన ఫ్యూజులు.

"గివి నీయి సారు." బొమ్మ ఉన్న జేబు తట్టాడు. "గీయన డ్యూటీ అయిపోయింది, నాతోని వస్తడు."