మావయ్య బండికి చలేసింది

ఆ రోజుల్లో మనిషి ఉద్యోగానికి బయల్దేరాలంటే ముందు బండి బయల్దేరాలి. (ఆ రోజుల్లో అన్నానని మరీ తాతల కాలానికి వెళ్లిపోకండి. సెల్‌ఫోన్లు వచ్చేశాయి, వాటిలో వీడియోలూ వచ్చేశాయి, బటన్ నొక్కితే స్టార్టయ్యే బళ్లు కూడా వీధికి నాలుగు తిరుగుతున్నాయి. మా మావయ్య బండి మాత్రం కాలి దెబ్బకే పలికే రకం.) ఇప్పుడు బొటనవేలితో బటన్ నొక్కి, రెండో చేత్తో ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోయే కుర్రాళ్లని చూస్తే నాకు అసూయ కలగదు, కాస్త జాలి వేస్తుంది. బండి స్టార్టవకపోతే మనిషి ఎన్ని సంగతులు నేర్చుకుంటాడో, ఎంతమందితో మాట్లాడతాడో వాళ్లకి తెలియదు పాపం. డిగ్రీలో మూడేళ్లు కెమిస్ట్రీ చదివి నేర్చుకున్నదానికన్నా, అనకాపల్లి గవరపాలెంలో ఒక చలికాలం ఆ బండి పక్కన నిలబడి నేను నేర్చుకున్నదే ఎక్కువ. అందులో చాలావరకు తప్పు అన్నది వేరే సంగతి.

మాది చీడికాడ దగ్గర పల్లె. చెరకు, వరి తప్ప ఇంకో మాట వినపడని ఇల్లు. పరవాడలో మందుల కంపెనీలో నాకు ట్రైనీగా ఉద్యోగం వచ్చిందనగానే మా నాన్న "మావోడు మందులు కనిపెడతాడు" అని ఊరంతా చెప్పేశాడు. (నేను కడిగేది సీసాలు. ఆ మాట నాన్నకి చెప్పే ధైర్యం నాకు చాల్లేదు.) రోజూ పల్లె నుంచి వెళ్లిరావడం కుదరదు కనక అనకాపల్లిలో మేనమామ ఇంట్లో దిగాను. కంపెనీ బస్సు తెల్లవారకముందే బైపాస్ జంక్షన్‌కి వచ్చి, ఎవరి కోసమూ ఆగకుండా పోతుంది. అక్కడిదాకా వెళ్లి టీకొట్టు పక్కన పెట్టుకోమని మావయ్య తన మోటారుసైకిల్ నాకిచ్చాడు. ఆయన బెల్లం మార్కెట్లో ఒక కొట్లో గుమస్తా. "మార్కెట్టెంత దూరం, నడిసిపోతాను" అన్నాడు. ఆ బండి మీద ఆయనకున్న ప్రేమ తెలిసినవాడిని కనక, ఆ మాటకి తాళం రెండు చేతులా అందుకున్నాను.

దసరా వెళ్లిపోయి, శారదా నది మీద నుంచి మంచు వీధుల్లోకి రావడం మొదలయ్యాక, తెల్లవారుజామున ఆ బండి ఎంత తన్నినా కిమ్మనేది కాదు. తన్నగా తన్నగా ఒకసారి దగ్గి ఊరుకునేది. అదే బండి మధ్యాహ్నం నేను తిరిగొచ్చాక మొదటి కిక్కుకే పలికేది. నా సెలవు రోజున మావయ్య భోంచేసి, పది గంటలకి ఎండలో నుంచి తీసి, ఇలా కాలు వేయగానే డుగుడుగుమనేది. ఆయన నావైపు చూసి మీసం సవరించుకుని, "బండికి ఏ రోగం నేదురా అల్లుడా. నీకు కిక్కు కొట్టడం రాదు. కాలితో కాదు, నడుంతో కొట్టాల" అనేవాడు. నడుంతో కొట్టాను. నడుం పట్టింది, బండి పట్టించుకోలేదు.

నాకు విసుగు కన్నా కుతూహలం ఎక్కువైంది. ఒకే బండి, అదే పెట్రోలు, అదే కాలు. మధ్యాహ్నం ఒకలా, తెల్లవారుజామున ఇంకోలా ఎందుకుంటుంది? ఏదో ఒక్కటి మార్చి చూడటం, మిగతావి అలాగే ఉంచడం అని లాబ్‌లో చెప్పిన పాఠం గుర్తొచ్చి, నేను శాస్త్రీయంగా పరిశోధన మొదలుపెట్టాను. మా వీధి దాన్ని సామూహికంగా కొనసాగించింది.

ఎదురింట్లో ఉండే ఆయనని అందరూ మోటారు బావ అంటారు. బోరు మోటార్లు బాగుచేస్తాడు. వరసకి నాకూ బావే. పళ్లు తోముకుంటూ వచ్చి, బ్రష్షు నోట్లోంచి తీయకుండానే తీర్పు చెప్పాడు. "కరెంటు అందట్నేదు బావా. ప్లగ్గు సలికి ముడుసుకుపోయింది. పొయ్యి మీద కాత్తంత కాల్సీసి పెట్టు, ఎందుకు లెగదో నానూ సూత్తాను." సరేనని ప్లగ్గు ఊడదీసి, పట్టకారుతో అత్త గ్యాసు పొయ్యి మీద కాల్చాను. రెండో పొయ్యి మీద టీ మరుగుతోంది. ఆ రోజు బండి రెండుసార్లు దగ్గి, అదృష్టం కొద్దీ లేచింది. టీ మాత్రం పెట్రోలు వాసన వచ్చిందని మావయ్య గ్లాసు పక్కన పెట్టేశాడు. మర్నాడు ఎంత కాల్చినా లేవలేదు. అంటే ప్లగ్గు కాదు. నేను ఆ సిద్ధాంతం కొట్టేశాను. అత్త కూడా ప్లగ్గుని వంటింట్లోంచి కొట్టేసింది.

వీధి చివర పాకలో గేదెల్ని కట్టుకుని పాలు పోసే ముసలమ్మ ఉండేది, పాల మామ్మ. ఆవిడ తెల్లవారుజామున క్యాను పట్టుకుని పోతూ పోతూ ఆగి, బండి ట్యాంకు నిమిరి, "మా గేదికి సలికి గోనె కప్పుతాం కాదేటి? దీనికి కప్పితే ఏటి పోద్ది? మాటాడని జీవం, పాపం" అంది. నవ్వుకున్నాను గానీ, ఆలోచిస్తే అందులో తర్కం ఉంది. ఇంజను చల్లబడటమే రోగమైతే, చల్లబడకుండా చూడటమే మందు. ఆ సాయంత్రం మావయ్య మార్కెట్ నుంచి గోనె సంచులు తెచ్చాడు. వాటిలో అంతకుముందు బెల్లం దిమ్మలు ఉండేవన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. బెల్లం మధ్య బతికేవాడికి బెల్లం వాసన తెలియదు మరి. రాత్రంతా అనకాపల్లి చీమలన్నీ సీటు మీద సభ పెట్టుకున్నాయి. చీకట్లో చూసుకోకుండా కూర్చున్నాను. బస్సులో నేను వేసిన చిందులు చూసి, పక్క సీటాయన నాకు దేవుడు పూనాడేమోనని దూరం జరిగాడు.

ఇలా ఏ రోజు ఏ పరిశోధన చేసినా చివరికి మిగిలేది తోయడమే. మా వీధి ఏటిగట్టు వైపు కాస్త పల్లంగా ఉంటుంది. నేను గేరులో వేసి క్లచ్చి పట్టుకుని కూర్చునేవాణ్ణి. వెనక మంకీ క్యాపుతో మావయ్య, బ్రష్షుతో మోటారు బావ, క్యాను గట్టు మీద దింపి పాల మామ్మ తోసేవారు. పక్కనే టీ గ్లాసు పట్టుకుని అత్త పరిగెత్తేది. "తాగీరా ముందు! బండి ఎప్పుడో లెగుత్తాది, టీ సల్లారిపోతే ఎవులు తాగుతారు?" పల్లం చివర్లో క్లచ్చి వదిలితే బండి ఒక్క కుదుపుతో పలికేది. పలికిన రోజు బస్సు అందేది. పలకని రోజు, దాన్ని మళ్లీ పైకి తోసుకొచ్చి, ఎండ పొడ తగిలాక స్టార్టయితే, పరవాడ దాకా బండి మీదే పోయి, లేటుగా గేటు ముందు నిలబడేవాణ్ణి.

అలా నిలబడ్డ ఒక పొద్దున షిఫ్టు సారు నన్ను పక్కకి పిలిచారు. కోప్పడలేదు. అందుకే భయం వేసింది. "చూడు బాబూ, ట్రైనింగంటే టైముకి రావడం కూడా. ఇంకొక్కసారి లేటయితే నిన్ను పర్మినెంటు చెయ్యమని నేను చెప్పలేను. తర్వాత నీ ఇష్టం" అన్నారు. ఆ రోజంతా సీసాలు కడుగుతూ నాకు కనిపించింది మా పల్లె రచ్చబండే. మందులు కనిపెట్టడానికి వెళ్లినవాడు తిరిగొచ్చి చెరకు తోటలో ఆకులు కడుతుంటే, నాన్న ఏ మొహంతో ఊళ్లో తిరుగుతాడు? ఇది తమాషా కాదని, బండి లేవకపోతే నేనూ లేవనని అప్పుడు నిజంగా అర్థమైంది.

మర్నాడు నాకు సెలవు. పొద్దున్నుంచీ వీధరుగు మీద కూర్చుని ఫోన్లో వీడియోలు చూశాను. చలికి పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదట. అందుకని స్టార్టు చేసేటప్పుడు గాలి తగ్గించి, పెట్రోలు వాటా పెంచడానికి కార్బురేటరు పక్కన చిన్న మీట ఉంటుందట. దాన్ని చోకు అంటారట. పైకెత్తి కిక్కు కొట్టి, ఇంజను వేడెక్కాక దింపేయాలట. (ద్రవాలు ఆవిరి కావడం గురించి మూడేళ్లు చదివి పరీక్షలు రాసిన నేను, ఈ సంగతి బండి గురించి ఫోన్లో తెలుసుకున్నాను.) "మావయ్యా, మన బండికి చోకుందా?" అని అడిగాను. "సోకా? ఉండీదేమో. పది గంటల ఎండలో తీసినోడికి దాంతో పనేటి?" అన్నాడు ఆయన. ఆయన ఆ బండిని చలిలో ఒక్కసారీ తీయలేదన్నమాట.

వీడియోలో మీట ఉన్నచోట మా బండికి చూస్తే మీట లేదు. నిమ్మకాయంత ముద్ద ఒకటుంది. పసుపు, కుంకుమ, ఎండిపోయిన బంతిరేకలు, ఇంజను నూనె, రోడ్డు దుమ్ము కలిసి గట్టిపడిపోయిన ముద్ద. రోజూ చూస్తున్నదే. బండితోపాటు వచ్చిందనుకున్నాను. మోటారు బావ కూడా కార్బురేటరు తుడిచినప్పుడల్లా దాన్ని కళ్లకద్దుకుని, దాని చుట్టూ మాత్రమే తుడిచేవాడు. గోటితో గీకి చూస్తే లోపల దారం. దారం కింద దారం. ఏళ్ల తరబడి కట్టిన పసుపు దారాలు ఒకదాని మీద ఒకటి చుట్టుకుని, కిందికున్న మీటని పక్క గొట్టానికి బిగించేశాయి.

"అత్తా, ఇదేటి?" అని కేకేశాను.

అత్త చీపురు పట్టుకుని వచ్చి వంగి చూసింది. "అదా? బండి సెయ్యిరా అది. బయటికొచ్చి సిన్న సెయ్యిలాగ ఉన్నాది కాదేటి? సిన్నపిల్లలకి మణికట్టుకి దారం కట్టమేటి, అలాగే దసరాకి దానికీ కడతాను." గొంతు తగ్గించి, "మీ మావ వంతెన మీద పడి కాలిరగ్గొట్టుకున్న ఏడు మొదలెట్టేను. ఆ తర్వాత ఒక్కపాలి కూడా పడ్నేదు" అంది.

ఒకపక్క నా ఉద్యోగం. ఇంకోపక్క అత్త ఇన్నేళ్ల భయం, ఇన్నేళ్ల మొక్కు. దాన్ని తెంపెయ్యమని ఎలా అడగను? తెంపిన మర్నాడు ఆయనకి చిన్న దెబ్బ తగిలినా నేను ఆ ఇంట్లో అన్నం తినగలనా? చివరికి నేల చూస్తూ, "అత్తా, ఆ సెయ్యి పైకెత్తితేనే బండి సలిలో లెగుత్తాదంట" అని మాత్రం అన్నాను.

అత్త బండిని చూసింది, నన్ను చూసింది. చీపురు కింద పడేసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఓలమ్మో! అయితే ఇన్నాళ్లూ దాని సెయ్యి కట్టీసి, లెగు లెగు అని తన్నేమేటిరా!"

దారం తెంపనివ్వలేదు. కొబ్బరి నూనె తెచ్చి, తలపిన్ను పెట్టి, ఒక్కో ముడీ విప్పడానికి కూర్చుంది. మధ్యమధ్యలో "నూకాలమ్మ తల్లీ, తెంపట్నేదు, సోటు మారుత్తన్నాను అంతే" అని అమ్మవారికి సంజాయిషీ చెప్పుకుంటోంది. విప్పిన దారాలన్నీ కలిపి హ్యాండిలుకి, అద్దం కాడ దగ్గర కట్టి, ఇంజను మీద చెయ్యి వేసి, "కోపం పెట్టుకోకు తల్లీ" అంది. ఆ రోజు బండి నాకే వదిలి మార్కెట్‌కి నడిచెళ్లిన మావయ్య తిరిగొచ్చి సంగతంతా విని, తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటూ, "నాను ముందే సెప్పేను కదా, బండికి ఏ రోగం నేదని" అన్నాడు.

మర్నాడు తెల్లవారుజామున మంచు దట్టంగా ఉంది. మీట పైకెత్తి, దేవుడికి దండం పెట్టుకుని కిక్కు కొట్టాను. మొదటి దెబ్బకే బండి గట్టిగా పలికింది. ఆనందంతో చుట్టూ చూశాను. ఎవరూ లేరు. మోటారు బావ తలుపు వేసే ఉంది. పాల మామ్మ ఆగలేదు, చెయ్యూపి పోయింది. అత్త లేచి టీ పెట్టేలోగా నేను బయటికొచ్చేశాను. అవసరం లేకపోయినా యాక్సిలరేటరు రెండుసార్లు ఇచ్చి చూశాను. మావయ్య లోపల్నుంచి పడుకునే "పోరా, లేటవుద్ది" అన్నాడు. జంక్షన్లో బస్సు కన్నా ముందు నేనే ఉన్నాను. గెలిచినవాడి సంతోషమంతా ఉంది గానీ, ఏదో ఇంట్లో మర్చిపోయి వచ్చినట్టు జేబులు తడుముకుంటూ నిలబడ్డాను.

ఆ తర్వాత ఒక్క రోజూ లేటు కాలేదు. చలి తగ్గకముందే నన్ను పర్మినెంటు చేశారు. నాన్న ఊరంతా మళ్లీ చెప్పుకున్నాడు. నైట్ షిఫ్టులు కూడా ఉంటాయి కనక కంపెనీ దగ్గరే గది తీసుకోమన్నారు. మావయ్య ఇంట్లో నుంచి బస్సుకి వెళ్లే ఆఖరి పొద్దున, మంచులో బండి పక్కన నిలబడి మీట మీద వేలు పెట్టాను. పెట్టి, తీసేశాను. ఎత్తకుండానే కిక్కు కొట్టాను. కొడుతూనే ఉన్నాను. మొదట మోటారు బావ గుమ్మంలో లైటు వెలిగింది. "మళ్లీ ఏటైంది బావా?" అంటూ బ్రష్షు తగిలించుకుని వచ్చాడు. మావయ్య మంకీ క్యాపు సర్దుకుంటూ, "సెప్పేను కదా, నడుంతో కొట్టాలని!" అన్నాడు. పాల మామ్మ క్యాను దింపింది. అత్త టీ గ్లాసుతో వచ్చి, కొంగు బిగించి, అలవాటుగా వంగి కార్బురేటరు పక్కన చూసింది. మీట కిందికే ఉంది. తలెత్తి నా మొహం చూసింది. నేను చూపు తిప్పుకున్నాను.

"ఇయ్యాల మళ్లీ సలేసినట్టుంది దీనికి" అంది అత్త అందరితో. "తొయ్యండి." గ్లాసు నా చేతికిచ్చి, అందరికన్నా ముందు తనే నా వీపు మీద చెయ్యి వేసి తోసింది. చేసే పని బండి తోయడమైతే వీపు మీద చెయ్యెందుకని నేను అడగలేదు. పల్లం చివర్లో క్లచ్చి వదిలాను, పలికింది. వెనక్కి తిరిగితే పడతానని తిరగలేదు. ఒక చేత్తో బండీ ఇంకో చేత్తో టీ గ్లాసూ పట్టుకుని, కళ్లు మంచుకి చెమ్మగిల్లాయని తనకి తాను చెప్పుకుంటూ జంక్షన్ వైపు వెళ్లిపోయిన ఆ కుర్రాణ్ణి తల్చుకుంటే, ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది.