ఎనభై ఒక్క గ్రాములు

మా ఇంటికి పదిహేను రోజులకోసారి వచ్చే ఆవిడను వీధిలో అందరూ తూకాలమ్మ అనేవాళ్ళు. అసలు పేరు ఆసుపత్రి కాగితాల్లో ఉండే ఉంటుంది, మేమెవరం అడగలేదు. సన్నగా, పొడుగ్గా ఉండేది. ఎడమ మోకాలు సరిగా వంగదు కాబట్టి మెట్లెక్కేటప్పుడు ఆ కాలు పక్కకు తిప్పి, వెనకాల లాక్కున్నట్టు ఎక్కేది. భుజానికి నల్ల సంచి. అందులో పసిపిల్లలను తూచే కాటా, ఫారాలు పెట్టుకునే అట్ట, కాటా సరిగ్గా చూపిస్తోందో లేదో పరీక్షించడానికి చిన్న డబ్బాలో ఇత్తడి తూకం రాళ్ళు ఉండేవి.

ప్రసూతి వార్డులో పదకొండేళ్ళు ఆయాగా చేసిందట. మోకాలు దెబ్బతిన్నాక మంచాలు తోయలేక, ఇక మానేద్దామనుకుంటుంటే పెద్ద డాక్టరమ్మ పిలిచి ఈ పరిశోధనలో పెట్టుకుంది. బాలింతలు ఏం తింటున్నారు, ఎంత నిద్రపోతున్నారు, బిడ్డకు పాలు ఎన్ని అందుతున్నాయి అన్నది ఇంటింటికీ వెళ్ళి రాసుకోవాలి. పాలివ్వకముందు బిడ్డను కాటా మీద పడుకోబెట్టి అంకె రాసుకుంటుంది. తాగాక మళ్ళీ పడుకోబెడుతుంది. మధ్యలో బట్ట మార్చకూడదు, బిడ్డ తడిపినా సరే. రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే వచ్చేదే తాగిన పాలు. ఆ లెక్క ఇంట్లోవాళ్ళకు చెప్పకూడదు, సలహా ఇవ్వకూడదు. ఆమెకు డాక్టరమ్మ పెట్టిన షరతులు ఇవి.

చెప్పకూడదన్నారు కానీ కాటా మీద అంకెలు ఎర్రగా వెలుగుతాయి. గదిలో ఎవరున్నా కనిపిస్తాయి.

మా అమ్మకు అంకెలు రావు. నాకు వచ్చు. ఏడో తరగతి అయ్యాక అమ్మ నడుం పట్టేసిందని నన్ను మాన్పించారు. అప్పటికి నేను నేర్చుకున్న వాటిలో ఇంట్లో పనికొచ్చింది తీసివేత ఒక్కటే.

వదినకు బాబు పుట్టి నెల దాటింది. అది తూకాలమ్మ రెండోసారి రావడం. బాబు తాగాక కాటా మీద పెట్టింది. అమ్మ గుమ్మంలోంచి, "ఎంతే?" అంది నన్ను. నేను లోపల తీసివేసుకుని చెప్పేశాను.

"ముప్పై ఎనిమిది."

"ముప్పై ఎనిమిది ఏంటి?"

"గ్రాములు."

అమ్మ వంటింట్లోకి వెళ్ళి గరిటెతో నీళ్ళు తెచ్చి వదిన ముందు ఎత్తి పట్టుకుంది. "ఇది కూడా నిండదు కదే నీ పాలతో. నేను ఐదుగురికి ఇచ్చి, పక్కింటి పిల్లకు కూడా ఇచ్చాను. ఒక్కడికి ఇవ్వలేకపోతున్నావా?"

"అక్కయ్యగారూ, ఒక్కపూట తూకం చూసి అనకండి," అంది తూకాలమ్మ. "పొద్దున ఒకలా ఉంటుంది, సాయంత్రం ఒకలా ఉంటుంది. రోజంతా కలిపి చూడాలి."

"నువ్వు తూచడానికి వచ్చావు. తూచావు. వెళ్ళు."

వదిన నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. లెక్క తప్పు చేశావేమో ఇంకోసారి చూడు అన్నట్టుగా ఉంది.

మర్నాటి నుంచి వదిన పేరే అది. "ముప్పై ఎనిమిదీ, ఆ గిన్నెలు ఎప్పుడు తోముతావు?" అని అమ్మ. అన్నయ్య పని నుంచి వస్తూనే, "మన ముప్పై ఎనిమిది ఎక్కడ?" అనేవాడు. అన్నయ్య చెడ్డవాడేం కాదు. ఇంట్లో అందరూ నవ్వుతుంటే కలవడం తేలిక, అంతే. వారం తిరిగేసరికి పక్కింటావిడ కూడా గోడ మీంచి, "మీ ముప్పై ఎనిమిది మేడ మీద బట్టలారేసి దించడం మర్చిపోయినట్టుంది," అంది. వదినా నవ్వింది. నవ్వి, మేడ మీదికి వెళ్ళి, చాలాసేపటికి దిగింది.

నవ్వులతో పోయేది కాదది. మా పెద్దక్క రెండు వీధుల అవతల ఉంటుంది. దానికి ఆడపిల్ల పుట్టి మూడు నెలలు. పాలు ఎక్కువై బట్టలు తడిసిపోతుంటాయి. అమ్మ అన్నయ్యను కూర్చోబెట్టి తేల్చేసింది. "ఈసారి తూకం యాభై దాటాలి. దాటకపోతే బాబును పెద్దదాని దగ్గర పెడదాం. ఇది మళ్ళీ బట్టల ఫ్యాక్టరీకి పోతుంది. పాలు లేనిది ఇంట్లో కూర్చుని ఏం చేస్తుంది?"

యాభై ఎందుకని ఎవరూ అడగలేదు. అమ్మ నోటికి వచ్చిన అంకె అది. అన్నయ్య తల ఊపాడు.

తర్వాతి తూకానికి ముందు తూకాలమ్మ నిద్ర గురించీ తిండి గురించీ ప్రశ్నలు అడుగుతుంటే వదిన ఉన్నట్టుండి ఈ మాట చెప్పింది. నేను గుమ్మం దగ్గర బట్టలు మడతపెడుతున్నాను. తూకాలమ్మ పెన్ను మూత పెట్టేసింది.

"నాకూ ఒకడున్నాడు," అంది. "పాలు పడలేదని మా ఆయన అక్క తీసుకెళ్ళింది. నెల రోజులకే అన్నారు. ఇప్పుడు బస్సులో కండక్టరు. నేనెక్కితే టికెట్టు కొట్టి ఇస్తాడు."

"మిమ్మల్ని ఏమని పిలుస్తాడు?"

"అత్తా అంటాడు. మర్యాద తెలిసినవాడే."

వదిన బాబును గుండెకు ఇంకాస్త దగ్గరగా పట్టుకుంది.

అప్పుడే అమ్మ వచ్చి కాటా ఎదురుగా కుర్చీ వేసుకుని, నన్ను కింద కూర్చోబెట్టింది. "కళ్ళు పెద్దవి చేసుకుని చూడు. అబద్ధం చెప్పావో, నీ సంగతి నేను చూస్తా."

తూకాలమ్మ బాబును కాటా మీద పెట్టి, అంకెల మీద తన చేతిరుమాలు కప్పింది. అమ్మ దాన్ని వేలితో ఎత్తి పక్కన పడేసింది. "ముసుగెందుకు దానికి? సిగ్గా?"

మొదటి అంకె మూడు వేల తొమ్మిది వందల తొంభై. వదిన గోడ వైపు తిరిగి పాలిచ్చింది. బాబు లాగుతున్నాడు, వదిలేస్తున్నాడు, మళ్ళీ లాగుతున్నాడు. గుటక చప్పుడు వినబడాలని నేను చెవి పెట్టాను. ఎక్కువ వినబడలేదు. అమ్మ కాలు ఊపుతూ కూర్చుంది.

తాగడం అయ్యాక తూకాలమ్మ బాబును అందుకుని, అమ్మకు వీపు పెట్టి బట్ట సర్దింది. నేను కింద ఉన్నాను కాబట్టి ఆమె చేయి కనిపించింది. సీసా మూతంత ఇత్తడి రాయి ఒకటి బాబు నడుం కింద మడతలోకి వెళ్ళింది. యాభై గ్రాములది. నేను చూశానని ఆమెకు తెలిసింది. బతిమాలలేదు. చెప్తే చెప్పు అన్నట్టు చూసి, బాబును పడుకోబెట్టింది.

"ఎంతే?" అంది అమ్మ.

"నాలుగు వేల డెబ్బై ఒకటి."

"తీసెయ్."

"ఎనభై ఒకటి."

అమ్మ కాలు ఊపడం ఆపింది. "ఇంకోసారి చూడు."

"ఎనభై ఒకటే అమ్మా."

"ఆవిడ ఏం రాసిందో చూడు."

ఫారం మీద తూకాలమ్మ అప్పటికే అదే రాసింది. రాసిన అంకె కొట్టేస్తే డాక్టరమ్మ సంజాయిషీ అడుగుతుందట, ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసింది ఒక్కటే. ఎనభై ఒకటిలోంచి యాభై తీసేస్తే ముప్పై ఒకటి.

ఆ పదిహేను రోజులూ మా ఇల్లు హాయిగా ఉంది. అమ్మ తన మాట ఓడిపోయినట్టు ఒప్పుకోలేదు కానీ, "నేను నాలుగు మాటలంటే కదా పాలు దిగాయి," అని పక్కింటావిడతో చెప్పుకుంది. అన్నయ్య వదినను పేరు పెట్టి పిలిచాడు. వదిన కడుపునిండా తింది, తల దువ్వుకుంది. నాకు చూపించి, "ఎనభై ఒకటి, చూశావా?" అని బాబు బుగ్గ నిమిరింది.

ఎక్కువ ఆనందపడింది వదినే. బాబు ఇదివరకులా ఏడవడం లేదు. లేపితే రెండు గుక్కలు లాగి మళ్ళీ నిద్రపోతున్నాడు. కడుపు నిండింది కాబట్టే కదా అనుకుంది. అమ్మ కూడా, "నిద్రపోనీ, లేపకు, పిల్లాడు ఒళ్ళు చేసేది నిద్రలోనే," అంది. రోజుకు పదిసార్లు ఇచ్చేది ఐదుసార్లకు వచ్చింది. నేను ఉతికే బట్టలు తగ్గాయి. తగ్గాయని నాకు తెలుస్తూనే ఉంది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే రాయి సంగతి చెప్పాలి.

తూకాలమ్మ రెండు రోజుల్లో ఊరికే వచ్చి చూసిపోదామనుకుందట. ఈలోగా ఇంకో తూకమావిడ మానేస్తే, ఆవిడ ఇళ్ళన్నీ ఈమెకే వేశారు. కాలు ఈడ్చుకుంటూ ఊరు ఆ చివర తిరిగింది. సరిగ్గా పదిహేనో రోజునే వచ్చింది.

బాబును కాటా మీద పెట్టింది. మూడు వేల ఎనిమిది వందల అరవై. పోయినసారి కంటే నూట ముప్పై తక్కువ. ఆమె వాడి నడినెత్తి మీద వేలు పెట్టింది. మాడు లోపలికి పోయి ఉంది. నోట్లో చిటికెన వేలు పెట్టి నాలుక ఎత్తి చూసింది. అలా చూడడం ఆమె పని కాదు. అయినా చూసింది. తర్వాత నేల మీద కూర్చుండిపోయింది.

"పోయినసారి తూకం అబద్ధం," అంది. "రాయి పెట్టాను. వీడు తాగింది ముప్పై ఒకటే. ఆటో పిలవండి."

అమ్మ ముందు ఆమె చెంప మీద కొట్టి, తర్వాతే ఆటో కోసం పరుగెత్తింది.

ఆసుపత్రిలో వాడికి చేతికి సూది దొరకక తలకు సూది పెట్టారు. నాలుక కింద పొర ఒకటి నోటి అడుక్కి అంటుకుని ఉందట. అందుకే నాలుక చాచి లాగలేకపోయాడు. పాలు లేక కాదు, లాగలేక. లాగేవాడు లేక తర్వాత పాలూ తగ్గాయి. ఆ పొరను కత్తెరతో తెంపడం నేను మంచినీళ్ళు తెచ్చేలోపే అయిపోయింది.

పెద్ద డాక్టరమ్మ తన గదిలో తూకాలమ్మను నిలబెట్టి మాట్లాడింది. అమ్మ ఫిర్యాదు చెప్పడానికి నన్ను కూడా తీసుకెళ్ళింది కాబట్టి విన్నాను. డాక్టరమ్మ గొంతు పెంచలేదు.

"వరసగా రెండుసార్లు నలభై లోపు వస్తే ఆ ఫారం అదే రోజు నా బల్ల మీదికి వస్తుంది. ఆ సంగతి నీకు తెలుసా?"

"తెలుసండి."

"నువ్వు ముప్పై ఒకటి రాసి ఉంటే సాయంత్రానికి నేనే వెళ్ళేదాన్ని."

"వాళ్ళు బిడ్డను తీసేసుకునేవాళ్ళండి. సాయంత్రం దాకా ఆగేవాళ్ళు కాదు."

"ఇంకా ఎన్ని ఇళ్ళలో చేశావు?"

"ఇదొక్కటేనండి."

"అది నేనెలా నమ్మాలి?"

తూకాలమ్మ నా వైపు చూసింది. నేను నేల చూశాను. ఆమె ఏడాదంతా తూచిన నలభై ఒక్కమంది తల్లుల ఫారాలను బీరువాలోంచి తీసి, మీద ఎర్ర గీత గీసి, ఒక అట్టపెట్టెలో వేశారు. అన్ని ఇళ్ళూ, అన్ని మెట్లూ. కాటా, సంచి అక్కడే పెట్టి వెళ్ళమన్నారు.

వరండాలో వదిన బెంచీ మీద ఉంది. తూకాలమ్మ ఆమె దగ్గరికి వెళ్ళి నిలబడింది. వదిన తలెత్తకుండానే మాట్లాడింది.

"వాళ్ళు నన్ను ముప్పై ఎనిమిది అన్నారు. ఎగతాళి చేశారు, కానీ అది నిజం తూకం. నేను భయపడి పదిసార్లు పట్టేదాన్ని. మీరు నాకు కూడా అబద్ధం చెప్పారు. నేను నమ్మి పడుకోబెట్టాను."

"నీతో చెబుదామనుకున్నానమ్మా."

"వెళ్ళండి."

ఆసుపత్రి నుంచి బాబు మా ఇంటికి రాలేదు. అమ్మ తిన్నగా పెద్దక్క ఇంటికి తీసుకెళ్ళింది. "ప్రాణం దక్కింది, ఇంకా పరీక్షలెందుకు?" అంది. అన్నయ్య ఈసారి తల కూడా ఊపలేదు. అతన్ని ఎవరూ అడగలేదు. పెద్దక్క దగ్గర వాడు పది రోజుల్లో తేరుకున్నాడు. నాలుక విడింది కదా, జలగలా పట్టుకుంటున్నాడని అమ్మ వీధంతా చెప్పింది.

డాక్టరమ్మ మాత్రం వదినతో, రోజుకు ఎనిమిది పదిసార్లు పట్టిస్తే పాలు మళ్ళీ రావచ్చు అని చెప్పింది. పెద్దక్క ఇంట్లో వదినను బాబు దగ్గరికి రానిచ్చేది సాయంత్రం ఒక గంట. అదీ వాడు మేలుకుని ఉంటే.

తూకాలమ్మ ఆ రోజుల్లో పెద్దక్క వీధి మలుపులో, మూసేసిన టైలరు కొట్టు అరుగు మీద కూర్చునేది. వదిన అటు వెళ్తుంటే, "ఆకలి మీద ఉన్నప్పుడు పట్టు అమ్మా. ముందు రెండు చుక్కలు పిండి పెదవులకు రాయి," అనేది. వదిన తల తిప్పేది కాదు. వెనకాల నడిచే నేను వినేదాన్ని.

ఒక సాయంత్రం పెద్దక్క వంటింట్లో ఉన్నప్పుడు వదిన బాబును ఒళ్ళో పెట్టుకుని గోడ వైపు తిరిగింది. వేళ్ళతో పిండి, ఏదో వచ్చిందో రాలేదో, వాడి పెదవులకు రాసింది. వాడు పట్టాడు. గట్టిగా లాగాడు. తర్వాత వదిలి, ముఖమంతా ఎర్రగా చేసుకుని ఏడ్చాడు. లోపల్నుంచి పెద్దక్క, "ఏమైందిరా నాన్నా, వస్తున్నా," అంది. ఆ గొంతు వినగానే వాడు ఏడుపు ఆపి, మెడ అటు తిప్పాడు.

పెద్దక్క వచ్చి చేతులు చాచింది. "ఏముందని పట్టిస్తావు వదినా, పసివాణ్ణి ఏడిపించడానికి కాకపోతే?"

వదిన బొత్తాలు పెట్టుకుని, వాణ్ణి ఇచ్చేసింది. చెప్పులేసుకుని నాకంటే ముందు బయటికి నడిచింది. మలుపులో ఆగలేదు.

తూకాలమ్మ నన్ను ఆపింది. "పట్టాడా?"

నేను తల ఊపాను.

"ఎంతసేపు లాగాడు?"

"ఒక నిమిషం ఉంటుంది."

"గుటక వినపడిందా?"

"లేదు."

ఆమె వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. "ఒక నిమిషం బాగానే లాగాడు. రేపు ఇంకో వైపు పట్టించమను. మొదటి వారం అలాగే ఉంటుంది. నేను వార్డులో చూశాను, ఇరవై రోజులకు వచ్చినవాళ్ళు ఉన్నారు."

"రేపు వదిన రాదు," అన్నాను. "రేపట్నుంచి రాత్రి దాకా పని. ఫ్యాక్టరీలో చేరిపోయింది."