చేపల చదువు వరస

తెప్ప తిరిగి రాలేదన్న కబురు నాకు మొదట చెప్పింది మా వీధిలో ఆకుకూరలమ్మే ముసలమ్మ. ఆవిడది సముద్రం పక్క ఊరు. ఆ రోజు గంప దించకుండానే గుమ్మంలో నిలబడింది.

"అమ్మగోరూ, మీ కాడ సదువుకుంటన్న మా ఊరి ఆడగుంట ఉంది కదేటి, దాని అయ్య నిన్న వేటకెళ్ళినాడు. అందరి తెప్పలూ ఒడ్డుకి సేరినాయి. ఆడిది సేరనేదు."

నా చేతిలో దేవుడి పువ్వులున్నాయి. ఏం అడగాలో తోచక, తోటకూర ఎంత అని అడిగాను. ఆవిడ గంప సర్దుకుంది. "వచ్చీస్తాడులెండి. వేటకెళ్ళినోడు రాడేటి?" అని తనకి తనే చెప్పుకుంటూ వెళ్ళిపోయింది.

మాది శ్రీకాకుళంలో షావుకార్ల ఇల్లు. కింద కిరాణా కొట్టు, పైన కాపురం. చిన్నప్పుడు నాకు ఉబ్బసం ఎక్కువగా ఉండేది, అందుకని బడికి పంపలేదు. మధ్యాహ్నం కొట్టు మూసినప్పుడు నాన్నగారే పక్కన కూర్చోబెట్టుకుని చదువు చెప్పేవారు. చింతపండు బస్తాల వాసనలో అక్షరాలు వచ్చాయి, లెక్కలు వచ్చాయి, తరవాత ఒక్కొక్క పరీక్షా ప్రైవేటుగా కట్టి డిగ్రీ దాకా వచ్చాను. నాకున్న చదువంతా ఆయన పెట్టిన భిక్ష. దాన్ని నలుగురికీ పంచకపోతే పాపమనిపించి, బైపీసీ చదివే పిల్లలకి మేడ మీద ముందు గదిలో ఎంసెట్ పాఠాలు చెప్పేదాన్ని. ఆదివారం మాత్రం పొద్దున్నించి సాయంత్రం దాకా ఉండేది.

నా పద్ధతి ఒకటుంది. చేరిన రోజునే "నువ్వేటవుతావు?" అని అడిగి, ఆ జవాబుని బట్టి చాప చూపించేదాన్ని. డాక్టరీ అన్నవాళ్ళు గోడవైపు వరస. వ్యవసాయం అన్నవాళ్ళు కిటికీవైపు. పశువైద్యం వాళ్ళు ఆ రెండిటికీ మధ్య. పుస్తకాలు అందరివీ ఒకటే అయినా ఎవరి పరుగు వాళ్ళది. డాక్టరీ వరసకి భౌతికశాస్త్రంలో ఒక్క ప్రశ్న వదిలినా సీటు చెయ్యి జారిపోతుంది. వ్యవసాయం వరసని వృక్షశాస్త్రంలో నానబెట్టాలి. ఎటు వెళ్తున్నామో తెలియకుండా చదివిన పిల్లలు పరీక్ష దగ్గరకొచ్చేసరికి బెదిరిపోవడం చూశాను, అందుకే ఈ వరసలు.

ఆ పిల్ల చేరిన రోజు అదే అడిగాను. "సేపల సదువండి," అంది. గదంతా గొల్లున నవ్వింది.

డాక్టరీ వరసలో ఒకడు ఊరుకోలేదు. "మీ ఇంటినిండా చేపలే కదే, మళ్ళీ వాటికో చదువేంటి?"

"నీకు గుండె ఉంది కదేటి? మరి గుండె గురించి సదవడానికి ఎందుకొచ్చినావురా?"

ఈసారి వాణ్ణి చూసి నవ్వారు. మత్స్యశాస్త్రం అని ఒక డిగ్రీ ఉందనీ, అదీ ఎంసెట్ ర్యాంకుతోనే దొరుకుతుందనీ ఆ పిల్లకి వాళ్ళ కాలేజీలో ఎవరో చెప్పారట. నేను గుమ్మం పక్కన నాలుగో చాప పరిచాను. ఆ వరసకి ఆ పిల్ల ఒక్కతే.

ప్రతి ఆదివారం తండ్రి సైకిలు మీద దించేవాడు. వీధిలోంచే "అమ్మగోరూ, గుంటొచ్చింది!" అని కేకేసేవాడు. పైకి రమ్మంటే వచ్చేవాడు కాదు.

"ఒద్దమ్మా, నా ఒంటికి సేపల కంపు. మీ దేవుడికి కోపమొస్తాది."

"మా దేవుడే ఒకప్పుడు చేపై పుట్టాడు నాయనా."

"అలగైతే మా వలకేసి రాకుండా కూసింత సూసుకోమనండి!"

నవ్వు ఆపుకోలేక పిట్టగోడ పట్టుకున్నాను. ఈ చదువెందుకని ఒకసారి ఆయన్నే అడిగాను. "మా తాత వల్లో పడిన సేపలు నా వల్లో పడటం నేదండి. అవెటెల్లిపోనాయో ఎవుళ్ళూ సెప్పరు. మా గుంట సదివి సెప్తానంది. సెప్పమన్నాను," అన్నాడు. తండ్రీ కూతుళ్ళ మధ్య ఒప్పందం అంతే.

అలాంటి మనిషిని తెప్పతో సహా సముద్రం ఉంచేసుకుంది. శవం దొరకలేదు. విరిగిన చెక్క ముక్కయినా ఒడ్డుకి రాలేదు.

వేసవి దగ్గరపడుతుండగా ఆ పిల్ల మళ్ళీ వచ్చింది, బస్సులో, ఒంటరిగా. చెంపలు లోపలికి పోయాయి. ఏ చాప మీద కూర్చుంటుందోనని చూస్తున్నాను. సముద్రం మాట వినడమే కష్టంగా ఉంటుందేమో, వ్యవసాయం వరసలోకి వెళ్తానన్నా తప్పులేదనుకున్నాను. తిన్నగా వెళ్ళి గుమ్మం పక్క చాప మీదే కూర్చుంది.

మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పినప్పుడు మా వంటింట్లోకి వచ్చి, "కొంచెం మీ పప్పు ఎట్టండి," అంది. వాళ్ళమ్మ చేపల పులుసు పంపింది. పిల్ల మూత కూడా తియ్యలేదు. కారణం నాకు ఒక పాఠం మధ్యలో తెలిసింది. సముద్రంలో ఏ చేప ఏది తిని బతుకుతుందో చెబుతున్నాను. తల ఎత్తకుండా, "ఏది దొరికితే అది తినేవి కూడా ఉంటాయి కదండి?" అని అడిగింది.  ఉంటాయమ్మా అన్నాను. రాసుకుంది. ఇంట్లో ఎన్నడూ చేప వండనిదాన్ని, ఆ రోజు నాకు కూడా అన్నం దిగలేదు.

అప్పటినించే ఆదివారాలు మారిపోయాయి. పాఠం చెబుతుంటే వీధిలో సైకిలు గంట వినబడేది. ఎవరిదైనా కావచ్చు, మాది బజారు వీధి. కానీ గంట తరవాత వచ్చే కేక కోసం నా చెవి నిక్కబొడుచుకునేది. ఒక ఆదివారం ఆ కేక విన్నాను. ఒట్టి భ్రమ అనుకునేదాన్ని, కిటికీ దగ్గరి కుర్రాడు లేచి కిందకి తొంగిచూసి ఉండకపోతే.

"ఎవరూ లేరండి," అన్నాడు, తెల్లబోయి.

"మీకూ ఇనబడిందా?" అంది ఆ పిల్ల. నెమ్మదిగా, ఎప్పటినించో తెలిసిన సంగతి అడిగినట్టు. తరవాత పేజీ తిప్పుకుంది.

నాకు భయం వెయ్యలేదు. దేవుడి గదిలోకి వెళ్ళి రెండో దీపం పెట్టాను. వచ్చినవాడు కూతురి చదువు చూసుకోవడానికే వచ్చుంటాడు. ఆ పరీక్ష అయ్యేదాకా ప్రతి ఆదివారం రెండు దీపాలు పెట్టాను.

తల్లిని నేను చూసింది పరీక్ష తరవాతే. ఎండుచేపలు అమ్ముకునే మనిషి. నుదుట రూపాయి కాసంత బొట్టు, చేతుల నిండా గాజులు. శవం దొరికేదాకా ఏ పెళ్ళామూ బొట్టు చెరుపుకోదు వాళ్ళలో. మొగుడు పోయాడని అనరు, వేటకెళ్ళాడంటారు. ఆవిడ రోజూ అతని అన్నం కూడా వండుతుందని ఆకుకూరల ముసలమ్మ చెప్పింది.

ఆవిడతో తమ్ముడు కూడా వచ్చాడు, పిల్లకి మేనమామ. ర్యాంకు బాగానే వచ్చింది, చేపల కాలేజీలో సీటు దొరికేలా ఉంది. అతనికి అది ఇష్టం లేదు.

"సముద్రం పేరెత్తొద్దు మా ఇంట్లో. నర్సింగులో ఎయ్యండి, రాజాంలో కాలేజీలున్నాయి. నేదా ఇంట్లో ఉంటాది."

"నువ్వూరుకోరా," అంది అక్క. "ఆడు సేపల సదువన్నాడు. రేపొచ్చి, నా గుంటనేటి సేసినావే అంటే నానేటి సెప్పాలి? నువ్వు సెప్తావేటి?"

మేనమామ తువ్వాలు దులుపుకుని లేచాడు. మొగుడు బతికే ఉన్నాడని తల్లి నమ్మబట్టి పిల్ల చదువు నిలబడిందని నాకప్పుడు అర్థమైంది. లోపల్లోపల దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

కౌన్సెలింగుకి నన్నూ తోడు రమ్మన్నారు. ఆమదాలవలసలో రైలెక్కి దక్షిణం వైపు చాలా దూరం వెళ్ళాం. హాల్లో బల్ల వెనక ఒక ఆఫీసరు కూర్చుని పిల్లల కాగితాలు చూస్తున్నాడు. మా వంతు వచ్చింది.

"తండ్రి ఏరీ?"

"వేటకెళ్ళినాడు బాబూ," అంది తల్లి.

"ఎప్పుడొస్తారు?"

ఆవిడ నావైపు చూసింది. ఆఫీసరు అలసిపోయి ఉన్నాడు, కానీ చెడ్డవాడు కాదు. "చూడమ్మా, తండ్రి ఉంటే తండ్రి సంతకమే కావాలి. లేకపోతే తల్లిది చాలు. సాయంత్రానికి ఈ సీట్లు అయిపోతాయి. ఏదో ఒకటి చెప్పండి, వెనక చాలామంది ఉన్నారు," అన్నాడు.

ఏ మాట మీద ఆ పిల్ల ఇంతదూరం వచ్చిందో, ఆ మాటే ఇప్పుడు అడ్డం నిలబడింది. తండ్రి ఉన్నాడంటే సీటు లేదు. సీటు కావాలంటే తండ్రి లేడనాలి, అదీ తల్లి వినేలా. నేను నోరు తెరవబోయేంతలో పిల్ల బల్ల అంచు పట్టుకుని, "లేటండి," అంది.

చనిపోయినవాళ్ళ పేరు ముందు మనవాళ్ళు రాసే మాట అది. మన నోళ్ళలో ఆ మాటకి ఇంకో అర్థం కూడా ఉంది.

"ఏటన్నావే?" అంది తల్లి.

"లేటన్నానమ్మా. నాన్నకి లేటవుతాదని."

తల్లి కూతురి మొహంలోకి ఒక్క క్షణం చూసి, ఆఫీసరువైపు తిరిగింది. "ఔను బాబూ, లేటే. ఆడెప్పుడూ అంతే. పెళ్ళినాడు నన్ను పీటల మీద కూకోబెట్టీసి, పొద్దెక్కినాక వచ్చినాడు."

మా వెనక ఎవరో నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, కాగితం ఆవిడవైపు జరిపి, "ఇక్కడ పెట్టమ్మా," అని వేలు చూపించాడు. ఆవిడ ఒక్కొక్క అక్షరం దిద్దినట్టు సంతకం చేసింది.

సీటు వచ్చింది. వరండా చివర కుళాయి దగ్గర పిల్ల వాంతి చేసుకుంది. వీపు నిమురుతుంటే నా చీర పట్టుకుని, "నానే సంపీసినానండి. మా అమ్మ ముందరే సంపీసినాను, ఆవిడకి తెలీనేదు," అంది.  పర్సులో అరసవల్లి కుంకుమ పొట్లం ఉంటే కాస్త తీసి నుదుట పెట్టాను.

పిల్ల హాస్టలుకి వెళ్ళిన కొన్నాళ్ళకి తల్లి మా ఇంటికొచ్చింది. మెట్లెక్కి వచ్చి, గదిలో ఖాళీ చాపలకేసి చూస్తూ కూర్చుంది. మజ్జిగ ఇస్తే తాగింది.

"అమ్మగోరూ, లేటంటే నాకు తెల్దనుకున్నారేటి?"

నేను చేతిలోకి తీసుకున్న ఖాళీ గ్లాసు కింద పెట్టేశాను.

"పింఛనుకి పేర్లు రాసుకునేవోళ్ళు వచ్చినారు మా ఇంటికి. మీ ఆయన లేటే కదమ్మా అన్నారు. సీపురుకట్ట తీసుకుని ఈది సివరదాకా తరిమినాను."

"మరి ఆ రోజు..."

"గుంట బల్ల అంచట్టుకుని నిలబడింది. నాకు తెలిసిందని దానికి తెలిస్తే సీటొదిలీసి ఇంటికొచ్చీసును. అది నాకు బాగా తెలుసు. అందుకే పెళ్ళి కబురు సెప్పీసినాను, ఏదో ఒకటి." ఆవిడ నవ్వబోయింది, రాలేదు. "అదీ అబద్ధమే. పెళ్ళినాడు ఆడు అందరికన్నా ముందొచ్చి కూకున్నాడు."

ఆ మనిషి తిరిగొస్తాడని ఇంకా నమ్ముతున్నావా అని నేను అడగలేదు. బొట్టు అలాగే ఉంది, గాజులూ ఉన్నాయి. అన్నం వండుతూనే ఉందో లేదో కూడా నాకు తెలియదు. పిల్లకి ఇప్పుడే చెప్పొద్దనీ, చదువయ్యాక తనే చెబుతాననీ మాట తీసుకుని వెళ్ళింది. చదువయ్యాక చెప్పిందట. ఆ పిల్లే నాకు ఫోనులో చెప్పింది. 

ఇది చదివినవాళ్ళని నేను అడిగేది ఒక్కటే. మీ మీ దేవుళ్ళ ముందు నిలబడినప్పుడు, మీ పిల్లల సీట్ల కోసం, ర్యాంకుల కోసం మొక్కుకునేటప్పుడు, ఆ తల్లిని ఒక్కసారి తలుచుకోండి. పేరు నేను రాయలేదు. సముద్రం పక్క ఊళ్ళో ఎండుచేపలమ్మే తల్లి అనుకోండి చాలు, ఎవరో ఆ దేవుడికి తెలుస్తుంది.