డూబే కుర్చీలో కూర్చున్న రోజు

కరోనా తగ్గిన మరుసటి ఏడు, ఎండలు ముదరక ముందు, నన్ను నక్కపల్లి వైపు కడుతున్న ఒక ఫ్యాక్టరీకి ఖలాసీ మేస్త్రీగా వేశారు. నా పేరు నూకరాజు, ఊరు నర్సీపట్నం, చదువు అయిదో తరగతి. ఇలా కూర్చుని రాయడం ఇదే మొదలు. అందుకని జరిగింది జరిగిన వరసలోనే చెబుతాను.

ఖలాసీ అంటే బరువులెత్తే పనివాడు. క్రేను కొక్కేనికి బరువును ఏ స్లింగు పట్టీతో, ఎక్కడ కట్టాలి, ఊగకుండా ఎటు నుంచి తాడు పట్టాలి అన్నది మా పని. మేస్త్రీ చేతి సైగ చేస్తే తప్ప క్రేను ఆపరేటరు లివరు కదపకూడదు.

పని కొరియా కంపెనీది. సైటు మొత్తానికి పెద్దను వాళ్ళు సోజాంగ్ అంటారు. వట్టి సోజాంగ్ అంటే తప్పు, సోజాంగ్ నిమ్ అనాలి. నిమ్ అంటే మన గారు. నేను గల్ఫులో ఏడేళ్ళు కొరియా వాళ్ళ దగ్గర చేశాను కాబట్టి సైటు మాటలు వచ్చు. పెద్ద క్రేనును నడపడానికి ఆపరేటరు దక్షిణాఫ్రికా నుంచి వచ్చాడు. గేటు రిజిస్టరులో డూబే అని చూసి, ఉత్తరాది ఆయన కాబోలనుకుని మెస్సులో రొట్టెలు చేయించారు. దిగినాయన జూలూ మనిషి. నలభై ఏళ్ళుంటాయి, గుమ్మానికి తల తగిలేంత పొడుగు. రొట్టెలు మాత్రం వంక పెట్టకుండా తిన్నాడు.

హైవే మీద లాడ్జీలు నిండిపోయి డూబేకి నర్సీపట్నంలోనే గది ఇచ్చారు. రోజూ ఇద్దరం ఒకే జీపులో అడ్డరోడ్డు జంక్షను మీదుగా వెళ్ళి వచ్చేవాళ్ళం. ఆ దారిలోనే, వచ్చీరాని ఇంగ్లీషులో అడుగుతూ, నేను జూలూ మాటలు పట్టుకున్నాను. ఒక నోటుబుక్కులో మూడు గళ్ళు గీసి తెలుగు, కొరియా, జూలూ అని పక్కపక్కన రాసేవాణ్ణి. అన్నీ తెలుగు అక్షరాలతోనే.

మాట కట్టులో కొరియా, జూలూ ఒకదానికొకటి దూరపు భాషలు. కొరియా మాట మనదానిలాగే తోక దగ్గర మారుతుంది. మనం వెళ్ళు, వెళ్ళండి అన్నట్టు వాళ్ళు కా, కాసెయో అంటారు. జూలూ మాట తల దగ్గర మారుతుంది. మనిషి ఒక్కడైతే ఉముంతు, పదిమందైతే అబంతు. పైగా జూలూలో నాలుకతో చేసే చప్పుళ్ళున్నాయి. అయ్యో పాపం అన్నప్పుడు మనం పళ్ళ వెనక చేసే చప్పుడొకటి, ఎడ్లను అదిలించేటప్పుడు బుగ్గ పక్క నుంచి చేసేది ఇంకొకటి. మా గ్యాంగులో అప్పలనాయుడిది గొలుగొండ, చెరకు బళ్ళు తోలినవాడు. చప్పుడు బాగానే చేసేవాడు, దాన్ని మాట మధ్యలో ఇరికించలేకపోయాడు. వారం తంటాలు పడి, "సప్పుడు సేత్తే మాట పోతంది మేస్త్రీ, మాటంటే సప్పుడు పోతంది. నా వల్ల కాదు," అని వదిలేశాడు.

మర్యాద దగ్గరికొచ్చేసరికి మాత్రం రెండు భాషలూ ఒక తల్లి పిల్లల్లా కనబడ్డాయి. కొరియా వాళ్ళు పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవరు, హోదాతో పిలుస్తారు. జూలూ వాళ్ళూ పిలవరు, బాబా అంటారు, అంటే తండ్రి. పెద్దల చేతి నుంచి ఏదైనా తీసుకోవాలంటే ఇద్దరూ రెండు చేతులూ చాస్తారు. పెద్దలు మందలిస్తుంటే ఇద్దరూ కళ్ళు దించుకుంటారు. విడిపోయేటప్పుడు వెళ్ళేవాడు ఉండేవాడిని క్షేమంగా ఉండమంటాడు, ఉండేవాడు వెళ్ళేవాడిని క్షేమంగా వెళ్ళమంటాడు. రెండు చోట్లా అదే పద్ధతి. గళ్ళు నిండే కొద్దీ నాకు ధైర్యం ఎక్కువైంది.

ఒక పెద్ద ఇనప టవరును ఎత్తి నిలబెట్టాల్సి వచ్చింది. అలాంటి పనికి ముందు లిఫ్ట్ ప్లాన్ అని ఒక కాగితం తయారవుతుంది. బరువెంత, క్రేను చెయ్యి ఎంత దూరం చాచాలి, గాలి ఎంత వీస్తే ఆపాలి అన్నీ అందులో ఉంటాయి. దాని మీద సంతకానికి సోజాంగ్ నిమ్ డూబేని గదికి పిలిపించారు. అప్పటిదాకా డూబే ఆయన్ని దూరం నుంచి చూడటమే. లోపల ఎలా నడుచుకోవాలని నన్ను అడిగాడు. మీ ఊళ్ళో పెద్దాయన దగ్గర ఎలా ఉంటావో అచ్చం అలాగే ఉండు, వీళ్ళకీ మీకూ తేడా లేదు అని చెప్పాను.

నేను ఫైలు పట్టుకుని వెనకాలే వెళ్ళాను. సోజాంగ్ నిమ్ అరవైకి దగ్గరపడ్డ మనిషి, టేబుల్ దగ్గర కూర్చుని ఉన్నారు. డూబే తలుపు తీసి లోపలికొచ్చి, ఒక్క మాటా మాట్లాడకుండా నేరుగా కుర్చీలో కూర్చున్నాడు. కూర్చుని నేల చూస్తున్నాడు. కొరియా వాళ్ళలో చిన్నవాడు ముందు వంగి పలకరించాలి, పెద్దాయన చెప్పేదాకా నిలబడే ఉండాలి.

సోజాంగ్ నిమ్ కేకలు వేయలేదు. కాగితం మూసేసి నాతో అన్నారు, ఇతను నన్నే లెక్కచేయనివాడు, నీ సైగ ఏం లెక్కచేస్తాడు, ఇతని క్రేను దగ్గర మనుషుల్ని పెట్టను అని. అతని గేటు పాసు వెనక్కి తీసుకోమన్నారు. వేరే ఆపరేటరు వచ్చేదాకా పని ఆపమన్నారు.

పాసు పోతే తిరుగు ప్రయాణమే. మాట వినడన్న పేరుతో వెనక్కి వచ్చిన ఆపరేటరును తనను పంపిన క్రేను కంపెనీ వాళ్ళు ఇంక పనిలో ఉంచుకోరని డూబే చెప్పాడు. తను చేసిన తప్పేమిటో అతనికి తెలియలేదు. అతను ఎందుకలా కూర్చున్నాడో నాకూ తెలియలేదు. అప్పలనాయుడికి మాత్రం సందేహం లేదు. "ఆయన్దేటి తప్పు? నువ్వు సెప్పినట్టే సేసినాడు. పాసు నీది తియ్యాల," అన్నాడు. అది నిజమే.

ఆ సాయంత్రం డూబేని మా ఇంటికి భోజనానికి తీసుకెళ్ళాను. మా అమ్మ వసారాలో చాప మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. డూబే మెట్టెక్కి ఆమెను చూడగానే, పక్కన కుర్చీ ఉన్నా, వట్టి గచ్చు మీద కూర్చుండిపోయాడు.

"ఓలమ్మ, కుర్సీ ఉండగా కింద కూకున్నావేటి బాబూ. నెగు, నెగు," అంది అమ్మ.

అతను లేవలేదు. ఎందుకని అడిగితే అప్పుడు చెప్పాడు. పెద్దలు కూర్చుని ఉండగా చిన్నవాడి తల వాళ్ళ తల కంటే ఎత్తున ఉండకూడదట. అందుకని గుమ్మం దాటగానే ఎవరూ చెప్పకపోయినా కూర్చోవాలి, వాళ్ళు పలకరించేదాకా నోరు మెదపకూడదు. తను పొడుగు కావడంతో ఇంకా బేగి కూర్చోమని వాళ్ళమ్మ మొట్టికాయలు వేసేదట. ఇదంతా అమ్మకు తెలుగులో చెప్పాను.

"మరి ఈ ముక్క ఆ కొరియా బాబుకి సెప్పినావేట్రా?" అంది.

చెప్పలేదు. నాకే అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే సోజాంగ్ నిమ్ గదికి వెళ్ళి, వంగి నిలబడి, తప్పు డూబేది కాదు నాది అన్నాను. మిగతాది చెప్పడానికి నా కొరియా చాలలేదు. అందుకని చేసి చూపించాను. నిలబడి, నా తల మీద చెయ్యి పెట్టుకుని, ఇది మీ కంటే ఎత్తు, వాళ్ళకి తప్పు అన్నాను. నేల మీద కూర్చుని, ఇది మర్యాద అన్నాను. ఆయన టేబుల్ మీదుగా వంగి నన్ను చూశారు. తర్వాత హెల్మెట్ పెట్టుకుని బయటికి నడిచారు.

క్రేనుకు ఒక సిమెంటు దిమ్మ కట్టించి, గేటు దగ్గరున్న డూబేని లోపలికి పిలిపించి ఎత్తమన్నారు. సైగలు నావే. దిమ్మ జానెడు లేచిందో లేదో, సోజాంగ్ నిమ్ పక్క నుంచి హఠాత్తుగా ఆగు అని చెయ్యి చాచారు. మిగతా సైగలు మేస్త్రీవే చెల్లుతాయి, ఆగు సైగ మాత్రం ఎవరు చేసినా ఆపాలి. దిమ్మ అక్కడికక్కడే నిలిచిపోయింది. ఆయన ఇంకో వైపు వెళ్ళి మళ్ళీ చాచారు. మళ్ళీ నిలిచింది.

అరగంటకు డూబేని గదికి పిలిచారు. తలుపు ఇంకా సగమే తెరుచుకుంది, సోజాంగ్ నిమ్ లోపల నుంచి "అంజుసెయో" అన్నారు. అంటే కూర్చోండి, మర్యాద చేర్చి అనే మాట. ఆయన చెప్పాక కూర్చున్నట్టూ అయింది, డూబే వెంటనే కూర్చున్నట్టూ అయింది. సంతకం అయింది, పాసు తిరిగొచ్చింది. నేను బయటికొచ్చి మజ్జిగ ప్యాకెట్లు రెండు తాగాను.

"నీ పాసు కూడా మిగిలింది మేస్త్రీ," అన్నాడు అప్పలనాయుడు.

మూడో రోజున టవరు నిలబడింది. అప్పటి నుంచి డూబే వస్తుంటే చాలు, అతను బయట బూట్లు దులుపుకుంటున్నప్పుడే సోజాంగ్ నిమ్ కూర్చోమనేవారు.

నాకు తెలిసింది ఇదీ. తేడా కనబడిన చోట మనిషి ఆగి అడుగుతాడు. పోలిక కలిసిన చోట అడగడు, పొరపాటు అక్కడే జరుగుతుంది. రిటైరయ్యేదాకా, పరాయి దేశం మనిషి ఎవరు గ్యాంగులో చేరినా, మీ ఇంటికి పెద్దలొస్తే ఏం చేస్తారని మొదటి రోజే అడిగేవాణ్ణి. జవాబు చెప్పడానికి ఎవరికీ రెండు నిమిషాల కంటే పట్టలేదు.