ఏసమ్మ చెప్పని కుండీలు

ల్యాబులో ఫ్రిజ్ తలుపు తీయగానే సంచుల్లోని తడిమట్టి వాసన ముఖానికి కొడుతుంది. ఇన్నేళ్లయినా ఆ క్షణం వెనకెవరో నిలబడ్డట్టు అనిపిస్తుంది. తిరిగి చూడను. ఏసమ్మ పెద్దమ్మ పోయి చాలా కాలమైంది.

వనపర్తిలో నేను పరిశోధన చేస్తున్నప్పుడు కుండీల్లోని గడ్డి పెరికి దాని వేళ్లకంటిన మట్టి కడిగే పని ఆమెది. అంతకుముందు ఊరూరా మట్టిపనికి వలసపోయిన మనిషి. ఖిల్లా ఘణపూర్ గుట్ట మీది గడ్డిలో, కొన్ని మొక్కల ఆకుల లోపల, కంటికి కనిపించని బూజు ఒకటి బతుకుతుంది. పైకి మచ్చయినా ఉండదు. అది వేళ్లలోకి దిగదు. అయినా వేళ్ల చుట్టూ ఉండే బ్యాక్టీరియా మారిపోతుంది. సగం కుండీలకు నీళ్లు బాగా పోసి, సగం ఎండగట్టి, ఆ మార్పునే నేను చూస్తున్నాను. మొదటి ఏడాది ఎండు కుండీలోని ఒక గడ్డివేరును ముక్కు దగ్గర పెట్టుకొని ఆమె మెల్లగా, "బిడ్డా, దీంట్ల ఎవరో ఉన్నరు" అంది. చీటీ చూశాను. బూజున్న మొక్కే. ఆ తర్వాత ఎన్నిసార్లు పరీక్షించినా ఎండు కుండీల విషయంలో ఆమె తప్పలేదు. నాకు భయమేసింది. నిజం చెప్పాలంటే కొంచెం అసూయ కూడా.

రెండో ఏడాది ఆకులు కోసి పారేశాక, వేళ్ల సంచుల మీది చీటీలు నీళ్లు తగిలి చెరిగిపోయాయి. ఎండువి, తడివి విడివిడిగానే ఉన్నాయి గానీ, వాటిలో ఏవి బూజున్న మొక్కలవో తేల్చే దారి లేదు. ఏడాది పని, నా డిగ్రీ, అన్నీ ఆ సంచుల్లోనే. ఏసమ్మను బతిమాలాను. ఎండువాటిని వాసన చూసి రెండు కుప్పలు చేసింది. తడివాటి దగ్గర చేతులు వెనక్కి తీసుకుంది. నీళ్లు బాగా తాగినవన్నీ ఒక్క తీరే ఉంటాయట. ఉజ్జాయింపుగానైనా చెప్పమన్నాను. ఒప్పుకోలేదు. చదువు లేనిదానివి, చెబితే నీకేం పోతుందని నోరు జారాను.

ఆమె కోపగించుకోలేదు. చేతులు కొంగుకు తుడుచుకొని కూర్చుంది.

"కాలువ తవ్వంగ కట్ట కూలింది, బిడ్డా. నేను, నా పెనిమిటి మట్టికింద పడ్డం. ముందు నన్ను తీసిండ్రు. ఆయన యాడున్నడని అడిగిండ్రు. నాకు తెల్వదు. తెల్వదంటే తవ్వుడు ఇడిసిపెడ్తరని, ఈడ అని చూపిచ్చిన. అందరు ఆడనే తవ్విండ్రు. ఆయన జర అవతల దొరికిండు. గోర్ల నిండ మట్టే."

అంటే వాళ్లు ఇక్కడ తవ్వుతున్నప్పుడు ఆయన అవతల మట్టి గీకుతూ బతికే ఉన్నాడు.

మరునాడు, వాసనతో తేల్చినదానికి నా దగ్గర రుజువేమీ లేదు కనుక, ఆమె విడదీసిన కుప్పలతో సహా సంచులన్నీ పారబోసి, చీటీలు పోయాయని మా గైడ్‌కు చెప్పాను. మళ్లీ విత్తనం నుంచి మొదలుపెట్టాను. డిగ్రీ ఆలస్యమైంది. ఇప్పుడు నా దగ్గర చదివే పిల్లలు ఒక గడ్డివేరు తెచ్చి, ఇందులో ఏముంది మేడమ్ అని అడిగినప్పుడు, తెలిసినట్టే చెప్పెయ్యాలని నాలుక చివరిదాకా వస్తుంది. సరిగ్గా అప్పుడే మట్టి కింద ఎవరో గీకుతున్నట్టు వినిపిస్తుంది. తెలియదని చెప్పేస్తాను.